మంచు కింద వెచ్చని నీరు: ఉత్తర సముద్రాల పొరల లెక్క

క్లుప్తంగా: ఆర్కిటిక్ మహాసముద్రంలో చల్లని ధ్రువ జలం పైన తేలుతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని, ఉప్పెక్కువ నీరు దాని కింద పరుచుకుంటుంది. గడ్డకట్టే స్థాయికి దగ్గరగా ఉన్న నీటిలో బరువును తేల్చేది ఉష్ణోగ్రత కాదు, ఉప్పు. ఈ రెండు నీటి పొరల మధ్య ఉండే హాలోక్లైన్ అనే పొర అడుగు వేడిని మంచుకు అందకుండా ఆపుతోంది. నార్వేకూ రష్యాకూ ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో, యూరేసియా వైపు లోతు సముద్రంలో ఆ పొర బలహీనపడుతోంది. కెనడా వైపు పరిస్థితి వేరు.

ఆర్కిటిక్ మంచు గురించిన వార్తల్లో కొన్నేళ్లుగా ‘అట్లాంటిఫికేషన్’ అనే మాట వినిపిస్తోంది. వెచ్చని అట్లాంటిక్ నీరు ఉత్తరానికి చొచ్చుకొచ్చి మంచును కరిగిస్తోందన్నది ఆ వార్తల సారాంశం. ఇది సగం నిజం. ఆ నీరు కొత్తగా వచ్చింది కాదు. 1893–96 మధ్య నార్వే అన్వేషకుడు ఫ్రిడ్‌ట్యోఫ్ నాన్సెన్ ‘ఫ్రామ్’ నౌకతో మంచులో చిక్కుకుని కొట్టుకుపోతున్నప్పుడే, సుమారు 200 మీటర్ల కింద సున్నాకు పైన ఉష్ణోగ్రత ఉన్న నీటిని కనుగొన్నాడు. నివురుగప్పిన నిప్పులా ఆ వేడి అప్పటికే మంచు కింద ఉంది. మరి ఇన్నాళ్లూ అది మంచును ఎందుకు కరిగించలేదు? ఇప్పుడు మారిందేమిటి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు పొరల అమరికలో దొరుకుతుంది.

### బరువు తేల్చేది ఉప్పు

వెచ్చని నీరు తేలిక, చల్లని నీరు బరువు అన్న పాఠం ఉష్ణమండల సముద్రాలకు బాగానే సరిపోతుంది. 20 డిగ్రీల దగ్గర సముద్రపు నీటిని ఒక డిగ్రీ చల్లబరిస్తే ఘనమీటరుకు సుమారు 0.26 కిలోల బరువు పెరుగుతుంది. అదే నీటిని సున్నా డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ చల్లబరిస్తే పెరిగేది 0.05 కిలోలే. గడ్డకట్టే స్థాయికి చేరేకొద్దీ ఈ ప్రభావం ఇంకా తగ్గిపోతుంది. ఉప్పు సంగతి అలా కాదు. లవణీయత ఒక యూనిట్, అంటే కిలో నీటిలో సుమారు ఒక గ్రాము ఉప్పు, పెరిగితే ఎక్కడైనా ఘనమీటరుకు దాదాపు 0.8 కిలోలు పెరుగుతుంది. కాబట్టి 20 డిగ్రీల దగ్గర ఒక యూనిట్ ఉప్పు మూడు డిగ్రీల తేడాతో సమానమైతే, సున్నా దగ్గర అది పదిహేను డిగ్రీల తేడాతో సమానం.

ఉదాహరణకు మైనస్ 1.7 డిగ్రీల ఉష్ణోగ్రత, 33 లవణీయత ఉన్న ధ్రువ జలాన్ని తీసుకుందాం. ఉపరితల పీడనం దగ్గర దాని సాంద్రత ఘనమీటరుకు 1026.55 కిలోలు. 2 డిగ్రీల వెచ్చదనం, 35 లవణీయత ఉన్న అట్లాంటిక్ జలానిది 1027.97. దాదాపు నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉన్నా అట్లాంటిక్ నీరే 1.4 కిలోలు బరువు. అది కిందికి పోక తప్పదు.

మంచినీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది. అందుకే చెరువు పైన గడ్డకట్టినా అడుగున 4 డిగ్రీల నీరు మిగులుతుంది. సముద్రానికి ఆ సూత్రాన్ని అన్వయించడం పొరపాటు. లవణీయత 24.7 దాటిన నీరు గడ్డకట్టేదాకా బరువెక్కుతూనే ఉంటుంది. ఉత్తర సముద్రాల్లో చల్లని నీరు పైన నిలిచేది నదుల నుంచి, కరిగిన మంచు నుంచి వచ్చిన మంచినీరు దాన్ని తేలిక చేయడం వల్లే. ప్రపంచ మహాసముద్రాల ఘనపరిమాణంలో ఆర్కిటిక్ వాటా ఒక శాతం ప్రాంతంలో ఉంటే, ప్రపంచ నదుల నీటిలో పదో వంతు అక్కడికే చేరుతుంది. ఓబ్, యెనిసే, లీనా, మెకంజీ నదులు ఇందులో పెద్దవి. బేరింగ్ జలసంధి ద్వారా వచ్చే పసిఫిక్ నీటిలోనూ ఉప్పు తక్కువే.

### పై నుంచి అడుగు దాకా

యూరేసియా వైపు లోతు సముద్రంలో ఒక పరికరాన్ని కిందికి దించితే కనిపించే వరుస ఇంచుమించు ఇలా ఉంటుంది. మొదటి 30 నుంచి 50 మీటర్లు గాలికి, మంచు కదలికకు కలిసిపోయిన పొర. చలికాలంలో ఇది గడ్డకట్టే ఉష్ణోగ్రతకు చేరుతుంది. దాని కింద 150–200 మీటర్ల దాకా లవణీయత వేగంగా పెరిగే హాలోక్లైన్. ఆ తర్వాత సుమారు 800–900 మీటర్ల దాకా అట్లాంటిక్ పొర. అంతకంటే లోతున మైనస్ 0.5 నుంచి మైనస్ 1 డిగ్రీ మధ్య ఉండే లోతు జలం, లవణీయత దాదాపు 34.95.

అట్లాంటిక్ పొరలో దాగిన వేడి ఎంతో అంచనా వేయడం కష్టం కాదు. పొర మందం 600 మీటర్లు, గడ్డకట్టే స్థాయి కంటే అది సగటున 2 డిగ్రీలు వెచ్చన అనుకుందాం. ఒక ఘనమీటరు సముద్రపు నీరు ఒక డిగ్రీ చల్లబడితే సుమారు 41 లక్షల జౌళ్ల వేడి విడుదలవుతుంది. అంటే ప్రతి చదరపు మీటరు కింద ఉన్నది 490 కోట్ల జౌళ్లు. ఒక ఘనమీటరు మంచు కరగడానికి కావలసింది 30 కోట్ల జౌళ్లే. పై మంచు మందం రెండు మీటర్లనుకుంటే, పదహారు మీటర్ల మంచును కరిగించగల వేడి దాని కిందే ఉంది. ఎక్కడో దూరం నుంచి రానక్కర్లేదు.

### హాలోక్లైన్ ఎందుకంత కీలకం

ఈ పొర ప్రత్యేకత ఉప్పు పెరుగుతున్నా ఉష్ణోగ్రత పెరగకపోవడం. లవణీయత 33 నుంచి 34కు పైకి చేరుతుంది, నీరు మాత్రం గడ్డకట్టే స్థాయి దగ్గరే ఉంటుంది. దీన్ని చల్లని హాలోక్లైన్ అంటారు. పై ధ్రువ జలం, కింది అట్లాంటిక్ జలం నేరుగా కలిసిపోతే ఇలాంటి నీరు పుట్టదు. ఆ మిశ్రమంలో ఉప్పుతో పాటు వేడి కూడా పెరగాలి. కాబట్టి ఈ నీరు పక్క నుంచి వచ్చి చేరినదై ఉండాలి.

ఒక మార్గం సైబీరియా తీరపు అంచున ఉంది. అక్కడ చలికాలపు గాలులు మంచును తీరం నుంచి నెట్టేస్తే తెరిచిన నీరు కనిపిస్తుంది. ఆ నీరు గడ్డకట్టిన ప్రతిసారీ ఉప్పులో ఎక్కువ భాగం కింది నీటిలోకి జారిపోతుంది. చల్లగా, ఉప్పగా, బరువుగా మారిన ఆ నీరు అంచు దాటి లోతు సముద్రంలో తన బరువుకు తగిన మట్టంలో పరుచుకుంటుంది. రెండో మార్గం నార్వేకు ఉత్తరాన ఉన్న దీవుల సముదాయం స్వాల్బార్డ్‌కు ఉత్తరాన. అక్కడ అట్లాంటిక్ నీరు మంచును తాకి కరిగిస్తుంది. ఆ కరిగిన నీటితో తేలికైన పైభాగం చలికాలంలో గడ్డకట్టే స్థాయికి చల్లబడి, తూర్పుకు సాగి, తర్వాత నదీజలాలు చేరిన మరింత తేలిక నీటి కిందికి పోతుంది.

ఫలితం చాలా ఉపయోగకరమైనది. తుఫాను పై పొరను కలియబెట్టి కింద నుంచి కొంత నీటిని లాగినా, వచ్చేది చల్లని నీరే. వేడి పైకి రావాలంటే ముందు హాలోక్లైన్ మొత్తం అరిగిపోవాలి.

అది అరగడానికి ఎంత శ్రమ కావాలో కూడా చూడవచ్చు. ఒక మీటరు మంచు కడితే, 33 లవణీయత ఉన్న నీటి నుంచి చదరపు మీటరుకు సుమారు 25 కిలోల ఉప్పు కిందికి దిగుతుంది. మంచులో మిగిలే లవణీయత 5 అన్న అంచనాతో వచ్చిన లెక్క ఇది. 30 మీటర్ల పై పొరలో ఆ ఉప్పు కలిస్తే లవణీయత 0.8 పెరుగుతుంది. కింది అట్లాంటిక్ నీటితో తేడా 2 యూనిట్లు ఉన్న చోట ఒక చలికాలపు మంచు కట్టడం వల్ల పొర తెగదు. తేడా అర యూనిటే ఉన్న చోట చలికాలం ముగిసేలోపే తెగిపోతుంది, అడుగు వేడి పైకి వస్తుంది, ఇక కొత్త మంచు కట్టడం ఆగుతుంది. ఆర్కిటిక్‌లో రెండు ప్రాంతాలు ఒకే రకం వాతావరణానికి వేర్వేరుగా స్పందించడానికి చాలావరకు కారణం ఈ తేడాయే.

### అట్లాంటిక్ నీటి రెండు దారులు

గ్రీన్‌లాండ్–స్కాట్లండ్ మధ్య సముద్రగర్భపు గట్టు దాటి గ్రీన్‌లాండ్‌కూ నార్వేకూ మధ్య ఉన్న నార్డిక్ సముద్రాల్లోకి వచ్చే అట్లాంటిక్ నీరు సెకనుకు సుమారు 80 లక్షల ఘనమీటర్లు. సముద్ర శాస్త్రంలో సెకనుకు పది లక్షల ఘనమీటర్లను ఒక స్వెర్‌డ్రప్ అంటారు. ప్రపంచ నదులన్నీ కలిపినా ఒక స్వెర్‌డ్రప్‌కు కాస్త పైన.

నార్వే తీరం వెంట ఉత్తరానికి సాగిన ఈ ప్రవాహం నార్వే ఉత్తర కొసన చీలుతుంది. ఒక పాయ స్వాల్బార్డ్ పశ్చిమ తీరం వెంబడి ఫ్రామ్ జలసంధిలోకి వెళ్తుంది. అక్కడి గడప లోతు 2,600 మీటర్ల ప్రాంతం కాబట్టి నీరు తన వేడిని బాగానే దాచుకుని పొరల కిందికి జారుకుంటుంది. రెండో పాయ, సుమారు 2 స్వెర్‌డ్రప్‌లు, నార్వేకూ బేర్ దీవికీ మధ్య నుంచి బారెంట్స్ సముద్రంలోకి మళ్లుతుంది. ఆ సముద్రం సగటు లోతు 230 మీటర్లే. లోతు తక్కువ కావడంతో చలికాలపు గాలి అడుగు దాకా నీటిని చల్లార్చేస్తుంది. ఫ్రాంజ్ జోసెఫ్ దీవులకూ నోవాయా జెమ్ల్యాకూ తూర్పున ఉన్న సెయింట్ అన్నా లోయ ద్వారా లోతు సముద్రంలోకి దిగేసరికి దాని వేడిలో అధికభాగం ఆకాశానికి పోయి ఉంటుంది.

అంటే ఆర్కిటిక్‌కు చేరే అట్లాంటిక్ నీరు ఒక్క రకం కాదు. ఫ్రామ్ పాయ వెచ్చన, బారెంట్స్ పాయ చల్లన. రెండూ సెయింట్ అన్నా లోయ ముఖద్వారం దగ్గర పక్కపక్కన కలుసుకుని తూర్పుకు సాగుతాయి.

### బారెంట్స్ ధ్రువ సరిహద్దు

బారెంట్స్ సముద్రం మధ్యలో ధ్రువ సరిహద్దు ఉంది. దక్షిణాన అట్లాంటిక్ నీరు, ఉత్తరాన ఆర్కిటిక్ నీరు. పశ్చిమ భాగంలో ఈ గీత సముద్రగర్భపు మెరకల అంచునే అంటిపెట్టుకుని ఏటా దాదాపు ఒకే చోట ఉంటుంది. తూర్పున విశాలమై, అటూ ఇటూ జరుగుతుంది. ఉత్తరపు వైపు వేసవిలో మూడు పొరలు కనిపిస్తాయి: పైన ఇరవై మీటర్ల అటూ ఇటూగా కరిగిన మంచునీరు, దాని కింద గత చలికాలం మిగిల్చిన చల్లని ఆర్కిటిక్ నీరు, అడుగున ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ లోయల ద్వారా చేరిన వెచ్చని అట్లాంటిక్ నీరు.

పశ్చిమ భాగపు సరిహద్దులో ఒక విచిత్రం ఉంది. 5 డిగ్రీలు, 35.1 లవణీయత ఉన్న అట్లాంటిక్ నీటి సాంద్రత 1027.75. మైనస్ 1.5 డిగ్రీలు, 34.5 లవణీయత ఉన్న ఆర్కిటిక్ నీటిది 1027.77. ఉష్ణోగ్రతలో ఆరున్నర డిగ్రీల తేడా ఉన్నా బరువు ఒక్కటే. ఒకటి ఇంకోదాని కిందికి పోదు, పక్కపక్కన నిలబడతాయి. ఉపగ్రహపు ఉష్ణోగ్రత పటంలో గోడలా కనిపించే గీత సాంద్రత పటంలో దాదాపు మాయమవుతుంది.

రెంటినీ సమపాళ్లలో కలిపితే 1.75 డిగ్రీలు, 34.8 లవణీయత వస్తుంది. సాంద్రత 1027.83, రెండింటికంటే ఎక్కువ. ఉష్ణోగ్రతకూ సాంద్రతకూ ఉన్న సంబంధం సరళరేఖ కాకపోవడమే కారణం. ఇలా కలిసిన నీరు తనంతట తానే కిందికి దిగుతుంది. దీన్ని క్యాబెలింగ్ అంటారు. తేడా ఘనమీటరుకు 60 గ్రాములే అయినా, పొరల మధ్య తేడాలే అంత సన్నగా ఉన్న చోట అది లెక్కలోకి వస్తుంది.

### కెనడా వైపు మరో అమరిక

కెనడా వైపు లోతు సముద్రంలో అట్లాంటిక్ పొర కేంద్రం 400 మీటర్ల లోతున ఉంటుంది, వెచ్చదనం ఒక డిగ్రీ కూడా దాటదు. దానికీ మంచుకూ మధ్య పసిఫిక్ నీరు రెండు పొరలుగా అడ్డుపడుతుంది: వేసవిలో వచ్చిన వెచ్చని నీరు పైన, చలికాలపు నీరు కింద. బోఫర్ట్ సుడి అనే గుండ్రని సముద్ర ప్రవాహం, గాలి తోడ్పాటుతో మంచినీటిని మధ్యలోకి పోగేసి మూతను మరింత మందం చేస్తుంది. ఇక్కడ పై పొరను వేధించే వేడి ముఖ్యంగా పసిఫిక్‌ది, ఎండది.

అట్లాంటిక్ పొర పైఅంచున ఒకటి నుంచి ఐదు మీటర్ల మందంతో మెట్లు మెట్లుగా సన్నని పొరలు ఏర్పడతాయి. నీటిలో వేడి ఉప్పు కంటే దాదాపు వంద రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. కింది నుంచి వేడి ముందుగా దాటి పై మెట్టును కలియబెడుతుంది, ఉప్పు వెనకబడి మెట్ల మధ్య అడ్డుగోడను నిలబెడుతుంది. ఇలా పైకి చేరే వేడి చదరపు మీటరుకు 0.05 నుంచి 0.3 వాట్లు. 0.1 వాట్ అంటే ఏడాదికి ఒక సెంటీమీటరు మంచు. పట్టించుకోనక్కర్లేనంత తక్కువ.

### కొలతలు ఎక్కడ తప్పుతాయి

అట్లాంటిక్ నీరు అనే పేరుకు అన్నిచోట్లా ఒకే నిర్వచనం లేదు. బారెంట్స్ సముద్రంలో 3 డిగ్రీలు, 35.0 లవణీయత దాటినదాన్ని అలా పిలిస్తే, లోతు ఆర్కిటిక్‌లో సున్నా డిగ్రీలు దాటిన మధ్య పొర మొత్తాన్నీ అలాగే పిలుస్తారు. ‘అట్లాంటిక్ నీటి విస్తీర్ణం పెరిగింది’ అన్న వాక్యం చదివినప్పుడు ఏ గీత ఆధారంగా లెక్కించారో చూడకపోతే పోలిక అర్థరహితం. లవణీయత కొలమానాలూ రెండున్నాయి. పాత పద్ధతిలో 35.0 ఉన్న నీరు 2010 నుంచి అమల్లోకి వచ్చిన పరమ లవణీయత పద్ధతిలో సుమారు 35.17 అవుతుంది. ధ్రువ సరిహద్దు లాంటి చోట 0.17 తేడా ఒక జలరాశి పేరునే మార్చేస్తుంది.

లోతు వెంట ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత, పీడనం కొలిచే సీటీడీ పరికరంలో ఉష్ణోగ్రత గ్రాహకం, వాహకత గ్రాహకం ఒకే వేగంతో స్పందించవు. ఉష్ణోగ్రత హఠాత్తుగా మారే చోట ఈ తేడా వల్ల లవణీయత గీతలో లేని ముళ్లు పొడుచుకొస్తాయి. వాటిని సరిదిద్దకపోతే తేలిక నీటి మీద బరువైన నీరు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఇంకో చిక్కు చలి. నౌక మీదికి లాగిన పరికరంలో మిగిలిన నీరు గడ్డకడితే వాహకత కొలిచే గాజు గొట్టం పగులుతుంది. అదే పనిగా సీసాల్లో నీటి నమూనాలు తీసి ప్రయోగశాలలో సరిపోల్చడం అందుకే మానలేదు. లోతు జలంలో దశాబ్దాల మార్పును పట్టాలంటే లవణీయతలో మూడో దశాంశం దాకా నమ్మకం ఉండాలి.

ఒక నిలువు కొలతను చదివేటప్పుడు లవణీయత గీతనే ముందు చూడాలి, పొరలు అక్కడే తెలుస్తాయి. తర్వాత ఆ లవణీయతకు గడ్డకట్టే ఉష్ణోగ్రత తీయాలి. లవణీయతను 0.055తో గుణించి ముందు మైనస్ పెడితే చాలు, 33కు మైనస్ 1.81 వస్తుంది. కొలిచిన ఉష్ణోగ్రత దానికి ఎంత పైన ఉందన్నదే మంచును కరిగించగల వేడి. మైనస్ 1 డిగ్రీ నీరు చల్లనిదే, అయినా దానిలో 0.8 డిగ్రీల వేడి మిగిలి ఉన్నట్టే.

### ఇప్పుడు మారుతున్నది

ఉత్తర బారెంట్స్ సముద్రంలో పై మంచినీటి పొరకు ముఖ్య ఆధారం అక్కడే కట్టే మంచు కాదు, ఉత్తరం నుంచీ తూర్పు నుంచీ గాలికి కొట్టుకొచ్చి కరిగే మంచు. 2018లో నార్వే పరిశోధకులు ప్రచురించిన విశ్లేషణ ఈ దిగుమతి తగ్గడాన్నే మార్పుకు మూలంగా చూపింది. వచ్చే మంచు తగ్గితే మంచినీరు తగ్గుతుంది, పొరల మధ్య తేడా పలచబడుతుంది, అడుగు వేడి పైకి చేరుతుంది, మంచు ఇంకా తగ్గుతుంది. అట్లాంటిక్ నీరు ఒక్క డిగ్రీ కూడా వేడెక్కకపోయినా ఈ గొలుసు ముందుకు సాగగలదు. అట్లాంటిఫికేషన్‌ను వేడి దండయాత్రగా మాత్రమే చూపే కథనాలు ఈ అంశాన్ని వదిలేస్తున్నాయి.

యూరేసియా లోతు సముద్రంలో లంగరు వేసిన పరికరాల కొలతలు ఇదే దిశను చూపాయి. చలికాలంలో అడుగు నుంచి పైకి వచ్చే వేడి 2007–08లో చదరపు మీటరుకు 3–4 వాట్లు ఉంటే, 2016–18 నాటికి 10 వాట్లు దాటింది. 10 వాట్లు ఏడాదంతా కొనసాగితే ఒక మీటరు మంచుకు సమానం. అట్లాంటిక్ పొర పైఅంచు కూడా మునుపటికంటే పైకి వచ్చింది. కెనడా వైపు ఈ ధోరణి లేదు. అక్కడ 2000ల నుంచి మంచినీరు పోగుపడి పొరల తేడా పెరిగింది. ‘ఆర్కిటిక్‌లో పొరలు బలహీనపడుతున్నాయి’ అని ఒకే వాక్యంలో తేల్చేయడం కుదరదు.

మంచు తగ్గితే గాలి నీటిని నేరుగా కదిలిస్తుంది, కలయిక పెరుగుతుంది. అదే సమయంలో నదీజలాలు, కరిగిన మంచు పొరను బలపరుస్తాయి. ఈ రెండింటిలో ఏది నెగ్గుతుందన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. జీవజాలంపై ప్రభావమూ అంతే. పొర పలచబడితే అడుగు పోషకాలు పైకి వచ్చి నాచు పెరుగుదలకు తోడ్పడతాయి. బారెంట్స్‌లో కాడ్ లాంటి దక్షిణపు చేపలు ఉత్తరానికి విస్తరించి, చల్లని నీటికి అలవాటుపడిన చిన్న చేపలకు పోటీగా, వేటగాళ్లుగా మారడం ఇప్పటికే నమోదైంది.

### దక్షిణానికి తిరిగి వెళ్లే నీరు

ఫ్రామ్ జలసంధి పశ్చిమ అంచున, గ్రీన్‌లాండ్ తూర్పు తీరం వెంట ధ్రువ జలం, మంచు దక్షిణానికి ప్రవహిస్తాయి. ఈ తేలిక నీరు హద్దు దాటి నార్డిక్ సముద్రాల మధ్యకు, లాబ్రడార్ సముద్రంలోకి పరుచుకుంటే చలికాలంలో నీరు కిందికి దిగడం ఆగిపోతుంది. 1960ల చివర్లో అలాగే జరిగింది. ఫ్రామ్ నుంచి అసాధారణంగా ఎక్కువ మంచు, మంచినీరు వెలువడి, ఐస్‌లాండ్ ఉత్తరాన మొదలై అట్లాంటిక్ ఉత్తర భాగాన్ని చుట్టి రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. మహా లవణీయతా వైపరీత్యం అని దానికి పేరు. లాబ్రడార్ సముద్రంలో అది కొన్ని చలికాలాలపాటు లోతు కలయికను ఆపేసింది.

గ్రీన్‌లాండ్ సముద్రంలో 1980ల నుంచి చలికాలపు కలయిక అడుగు దాకా చేరడం మానేసింది. వెచ్చని నీటిని పైన ఉత్తరానికి, చల్లని నీటిని లోతున దక్షిణానికి మోసే అట్లాంటిక్ ప్రవాహ వ్యవస్థ కుప్పకూలుతోందనడానికి దీన్ని రుజువుగా చూపేవారున్నారు. గట్టు లోతు చూస్తే ఆ వాదన నిలవదు. దక్షిణానికి పొర్లే బరువైన నీరు దాటే గడప గ్రీన్‌లాండ్‌కూ ఐస్‌లాండ్‌కూ మధ్య ఉన్న డెన్మార్క్ జలసంధిలో 650 మీటర్ల లోపు, ఫేరో దీవుల దగ్గరి కాలువలో సుమారు 850 మీటర్లు. ఆ మట్టానికి అందే నీటికి మూడు వేల మీటర్ల అడుగు దాకా కలయిక అవసరం లేదు, వెయ్యి మీటర్లకు చేరినా చాలు. అందుకే రెండు దారుల్లోనూ కలిపి 5–6 స్వెర్‌డ్రప్‌ల పొర్లుడు దశాబ్దాలుగా పెద్ద తేడా లేకుండా సాగుతోంది. అసలు కనిపెట్టాల్సింది ఆ నీటి పరిమాణం కంటే దాని సాంద్రత, గట్టు దాటి పొర్లే బరువైన నీటికి హద్దుగా తీసుకునే 1027.8 గీతకు పైనే ఉంటోందా అన్నది.